స్పాట్ వాల్యుయేషన్ మాస్టారికి ఒక బహిరంగ లేఖ

మాస్టారూ,

మీ పేరు నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఎందుకంటే మీరు ఒక్కరు కారు. అమెరికా టీవీ స్టూడియోల్లో కోటు తొడుక్కుని ఉంటారు. పాడ్‌కాస్టుల్లో మైకు ముందు ఉంటారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో బిర్యానీ హోటల్‌కి వెళితే పక్క టేబుల్ దగ్గర ఉంటారు. హైదరాబాద్‌లో తెల్లవారుజామునే లేచి మ్యాచ్ చూసి, ఆ తర్వాత ఆఫీసుకి పరిగెత్తే కుర్రాళ్లలోనూ ఉంటారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎక్కడో ఒక ట్రేడ్, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి, జరిగిందని వార్త పడితే చాలు, పావుగంట తిరక్కుండా మీ చేతిలోకి ఎర్రసిరా పెన్ను వచ్చేస్తుంది. ఆ జట్టుకి ఏ ప్లస్. ఈ జట్టుకి ఎఫ్. కొత్తగా వచ్చినవాడికి సి మైనస్, వాడితోపాటు వచ్చినవాడికి అదీ లేదు. మన ఇంటర్ బోర్డు స్పాట్ వాల్యుయేషన్‌ని నలుగురూ నాలుగు మాటలంటారు గానీ, అక్కడ కనీసం పిల్లలు పరీక్ష రాసిన తర్వాతే పేపర్లు దిద్దుతారు.

మీ పనితనం నేను దగ్గరగా చూసింది 2025 ఫిబ్రవరి 2, ఆదివారం నాడు. డాలస్‌లో అప్పటికింకా శనివారం రాత్రి పదకొండు దాటింది. మనకి పొద్దున్న పదిన్నర. ఇక్కడి పేపర్లన్నీ ముందురోజు బడ్జెట్‌తో, పన్నెండు లక్షల దాకా ఆదాయపు పన్ను లేదన్న కబురుతో నిండిపోయి ఉన్నాయి. అప్పుడు ఈఎస్‌పీఎన్ విలేకరి షామ్స్ చరానియా ఒక వార్త వదిలాడు. డాలస్ మావెరిక్స్ తన లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేసి, ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకుంటోందట. చరానియా అకౌంటుని ఎవరో హ్యాక్ చేశారనుకున్నారు జనం. ఇది నిజమేనని ఆయన మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. లోకం నోరు తెరిచి ఇంకా మూయకముందే మీరు మార్కులు వేసేశారు: డాలస్‌కి ఎఫ్, లేకర్స్‌కి ఏ ప్లస్.

తొందరెందుకు, ఐదేళ్లు ఆగి చూద్దామని నేనిప్పుడు అంటాననుకుంటున్నారేమో. అనను. ఆగి చూద్దామనేవాడు మీకన్నా పెద్ద బెడద. వాడు ఎన్నడూ తప్పు చెప్పడు, ఎందుకంటే ఎన్నడూ ఏమీ చెప్పడు. ఆ రాత్రి డాలస్‌కి ఎఫ్ పడాల్సిందే. మార్కు సరిపోయింది. ఏ ప్రశ్నకి వేశారన్నదే నా గొడవ.

ఆ రాత్రికే కచ్చితంగా తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. డాన్చిచ్‌కి 25 ఏళ్లు. డేవిస్‌కి 31. డాన్చిచ్ అప్పటికే ఐదుసార్లు లీగ్‌లోని తొలి ఐదుగురు ఉత్తమ ఆటగాళ్లలో ఒకడిగా ఎంపికయ్యాడు, అంతకుముందు వేసవిలోనే జట్టుని ఫైనల్స్ దాకా లాక్కెళ్లాడు. అలాంటివాడికి బదులుగా డేవిస్ కాక డాలస్‌కి దక్కింది మాక్స్ క్రిస్టీ అనే 21 ఏళ్ల కుర్రాడు, 2029లో లేకర్స్‌కి వచ్చే ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటి. పిక్ అంటే ఆ ఏటి కొత్త కుర్రాళ్లలోంచి ఒకణ్ణి ఎంచుకునే హక్కు. ఒకే ఒక్కటి. దానికి ఏడు నెలల ముందు న్యూయార్క్ నిక్స్ మికల్ బ్రిడ్జెస్ కోసం ఎన్ని ఇచ్చింది? ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. బ్రిడ్జెస్ మంచి ఆటగాడే, కాదనను. కానీ అప్పటికి ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేదు. మార్కెట్ ధర ఎలా పలుకుతోందో దేశమంతా చూస్తూండగా, డాలస్ జనరల్ మేనేజర్ నికో హారిసన్ సరుకు మార్కెట్లో పెట్టకుండా, లేకర్స్ జనరల్ మేనేజర్ రాబ్ పెలింకా ఒక్కడితోనే గుట్టుగా మాట్లాడుకుని, అడ్డికి పావుశేరు లెక్కన ఇచ్చేశాడు. నలుగురిని పిలిచి బేరం పెట్టి ఉంటే ఎంత వచ్చేదో ఎవరూ చెప్పలేరు. పిలవలేదన్నది మాత్రం ఆ రాత్రే తేలిపోయింది. దానికి ఎఫ్ వేయడానికి ఐదేళ్లు అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు.

మీరు దానికి వేయలేదు మాస్టారూ. మీరు డేవిస్‌కి వేశారు. గాజుబొమ్మ అన్నారు. వారం తిరక్కముందే, ఫిబ్రవరి 8న హ్యూస్టన్ మీద అతను డాలస్ చొక్కా వేసుకుని మొదటిసారి దిగాడు. ముప్పై నిమిషాల పైచిలుకు ఆటలో 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్టులు. విరామానికి మీ ఎఫ్ కాస్తా బి ప్లస్ అయింది. మూడో క్వార్టర్లో గజ్జల దగ్గర కండరం పట్టేసి అతను కుంటుకుంటూ లోపలికి వెళ్లగానే మళ్లీ ఎఫ్. ఒకే సాయంత్రం ఒకే పేపరుకి మూడు మార్కులు. రీవెరిఫికేషన్‌కి ఫీజు కట్టినా ఇంత చురుగ్గా పని జరగదు.

ఇంతవరకూ వినోదమే. మే 12 తర్వాత చేశారు చూడండి, అది క్షమించలేను. ఆ సీజన్‌లో డాలస్ 39 గెలిచి 43 ఓడింది. మార్చిలో కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంటు తెగింది. ప్లేఆఫ్స్ గుమ్మం దాకా వెళ్లి మెంఫిస్ చేతిలో ఓడి ఇంటికొచ్చారు. తర్వాత మే 12న, పిక్‌ల వరుస తేల్చే డ్రాఫ్ట్ లాటరీ తీస్తే, 1.8 శాతం అవకాశం ఉన్న డాలస్ బంతి తగిలి, మొదటి పిక్ వాళ్ల ఒళ్లో పడింది. డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ వాళ్లవాడయ్యాడు. మర్నాటికల్లా మీరు ఫిబ్రవరి పేపర్ బయటికి తీసి ఎఫ్ కొట్టేసి ఏ వేశారు. హారిసన్ దూరదృష్టి అన్నారు. బంతులు దొర్లించే డబ్బాకీ ఆయన దృష్టికీ ఏం సంబంధమండీ? ఇల్లు అడ్డికి అమ్ముకున్నవాడికి తర్వాత లాటరీ తగిలితే అతని బేరం మంచిదైపోతుందా? పోనీ ఆ ఏ మీదైనా నిలబడ్డారా అంటే అదీ లేదు. కొత్త సీజన్‌లో డాలస్ మూడు గెలిచి ఎనిమిది ఓడేసరికి, నవంబర్ 11న యాజమాన్యం హారిసన్‌ని సాగనంపింది. ఆ సాయంత్రం మీ ఎర్రపెన్ను మళ్లీ ఎఫ్ దగ్గరికే చేరింది.

మీరు దిద్దిన పాత పేపర్లలో నా దగ్గర ఒకటి భద్రంగా ఉంది. డాలస్ గొడవకన్నా ఇదే నాకు ఇష్టం, కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి.

2017 జులై. ఇండియానా పేసర్స్‌లో పాల్ జార్జ్ అనే పెద్ద ఆటగాడు ఉన్నాడు. ఏడాదిలో కాంట్రాక్టు అయిపోగానే వెళ్లిపోతానని యాజమాన్యానికి ముందే చెప్పేశాడు, మనసు లేకర్స్ మీద ఉందని కూడా అందరికీ తెలుసు. వెళ్లిపోయేవాడికి ఎవరు మాత్రం పెద్ద ధర పెడతారు? పేసర్స్ పెద్ద కెవిన్ ప్రిచర్డ్ అతన్ని ఓక్లహామా సిటీ థండర్‌కి ఇచ్చి, విక్టర్ ఒలాడిపోని, డొమాంటాస్ సబోనిస్‌ని తెచ్చుకున్నాడు. ఒక్క పిక్ కూడా రాలేదు. ఒలాడిపోకి అప్పటికి 84 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు మెడలో గుదిబండలా ఉందనేవారు. సబోనిస్ మొదటి సీజన్‌లో మ్యాచ్‌కి ఆరు పాయింట్లు కూడా వేయలేదు. మీరు నవ్వారు. మీరే కాదు, క్లీవ్‌లాండ్ కావలియర్స్ యజమాని డాన్ గిల్బర్ట్ అంతటివాడు విలేకరుల ముందు, ఇండియానా ఇంతకన్నా మెరుగైన బేరం చేసి ఉండాల్సిందని బాహాటంగా అన్నాడు.

మరుసటి ఏడు ఒలాడిపో మ్యాచ్‌కి 23 పాయింట్లు వేశాడు. ఆల్‌స్టార్ అయ్యాడు, లీగ్‌లో అందరికన్నా మెరుగుపడ్డవాడన్న అవార్డు తీసుకున్నాడు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో వాళ్లకి ఎదురుపడింది ఎవరనుకున్నారు? ఆ గిల్బర్ట్ గారి క్లీవ్‌లాండే. లెబ్రాన్ జేమ్స్ ఉన్న జట్టుని ఏడో మ్యాచ్ దాకా ఈడ్చారు. మీ పేపరుపై సి కొట్టేసి ఏ పడింది. 2019 జనవరిలో ఒలాడిపో తొడ కండరపు నరం తెగింది. ఏ కొట్టేసి మళ్లీ సి.

అదే 2019 వేసవిలో థండర్ ఆ పాల్ జార్జ్‌ని లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కి ఇచ్చింది. టొరంటోకి టైటిల్ తెచ్చిపెట్టిన కవై లెనార్డ్ క్లిప్పర్స్‌లో చేరాలంటే పక్కన జార్జ్ ఉండాలన్నాడు. క్లిప్పర్స్ ఇల్లంతా ఊడ్చి ఇచ్చింది: ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, మరో రెండేళ్లు పిక్‌లు మార్చుకునే హక్కు, డానిలో గలినారి, ఇంకో వారానికి 21 నిండే షే గిల్జస్-అలెగ్జాండర్ అనే సన్నటి కుర్రాడు. క్లిప్పర్స్‌కి ఏ ప్లస్ వేశారు మీరు, ఊరేగింపు దారి కూడా గీసిపెట్టారు. షే పేరు మీ రాతలో చివరి వాక్యంలో ఉంది. మొదటి సీజన్‌లో మ్యాచ్‌కి 11 పాయింట్లు కూడా లేవు కదా మరి.

క్లిప్పర్స్ మరుసటి ఏడు డెన్వర్ మీద 3-1 ఆధిక్యం చేజార్చుకుంది. ఆ తర్వాతి ఏడు తమ చరిత్రలో తొలిసారి కాన్ఫరెన్స్ ఫైనల్ చేరింది, అక్కడ ఆగిపోయింది. 2024లో జార్జ్ చేతులు దులుపుకుని ఫిలడెల్ఫియాకి వెళ్లిపోయాడు. బదులుగా క్లిప్పర్స్‌కి చిల్లిగవ్వ రాలేదు. థండర్ ఆ ఐదు పిక్‌లలో ఒకదానితో 2022లో పన్నెండో స్థానంలో జేలెన్ విలియమ్స్‌ని తీసుకుంది.

ఇక ఇండియానా. సబోనిస్ వాళ్ల దగ్గర పెరిగి రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. 2022 ఫిబ్రవరిలో అతన్ని శాక్రమెంటో కింగ్స్‌కి పంపి, టైరీస్ హాలిబర్టన్‌ని తెచ్చారు. ఆ ట్రేడ్‌పై మీ మార్కుల చరిత్ర ఒక్కటే ఒక పుస్తకం అవుతుంది. ముందు కింగ్స్‌కి బుద్ధి లేదన్నారు. మరుసటి ఏడు కింగ్స్ 48 మ్యాచ్‌లు గెలిచి, 16 సీజన్ల కరువు తర్వాత ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టగానే, గెలిచిన ప్రతి రాత్రీ ఆకాశంలోకి ఊదారంగు వెలుగు వదులుతుంటే, కింగ్స్‌దే తెలివి అన్నారు. మీరు చూడని సంగతి ఆ రెండు జట్లూ మొదటిరోజే చూశాయి. కింగ్స్‌లో డియారన్ ఫాక్స్, హాలిబర్టన్ ఇద్దరూ బంతి తమ చేతిలో ఉంటేనే వెలిగేవాళ్లు, బంతేమో ఒకటి. ఇండియానాలో సబోనిస్, మైల్స్ టర్నర్ ఇద్దరూ ఒకే స్థానంలో ఆడే పొడగరులు, చోటేమో ఒకటి. ఎవరికి ఎక్కువైంది వాళ్లు ఇచ్చి, తక్కువైంది తెచ్చుకున్నారు. ఇలాంటి బేరంలో ఇద్దరూ బాగుపడవచ్చు. మీ పద్ధతిలో దానికి గడే లేదు, ఒకడు పాసైతే రెండోవాడు ఫెయిల్ కావాలి.

2025 జూన్‌కి ఫైనల్స్‌లో ఎదురెదురుగా నిలిచింది ఎవరు? ఓక్లహామా సిటీ, ఇండియానా. ఒకవైపు షే, జేలెన్ విలియమ్స్. మరోవైపు హాలిబర్టన్. రెండు జట్ల వేళ్లూ తవ్వుకుంటూ వెళితే కింద తగిలేది పాల్ జార్జే. పాపం ఆయన ఫిలడెల్ఫియాలో గాయాలతో కుస్తీ పడుతూ టీవీలో చూసి ఉంటాడు. మొదటి మ్యాచ్‌ని 0.3 సెకన్లు మిగిలి ఉండగా హాలిబర్టన్ గెలిపించాడు. ఐదో మ్యాచ్‌లో విలియమ్స్ 40 వేశాడు. ఏడో మ్యాచ్‌లో 103-91తో థండర్ టైటిల్ కొట్టింది, ఆ ఏటి లీగ్ ఉత్తమ ఆటగాడు, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు రెండూ షేనే. 2017లో మీరు గోళ్లు గిల్లుకుంటూ సి వేసిన పేపరులో ఇంత కథ ఉంది. ఇదంతా ఆ రాత్రే ఎందుకు చెప్పలేదని నేనడగను, ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేనిదానికి అంత గట్టిగా మార్కు ఎలా వేశారన్నదే అడుగుతున్నాను.

ఈ చెట్టుకి ఇంకో కొమ్మ ఉంది. మీరు దాన్ని ఎప్పుడూ దిద్దలేదు. 2021 జనవరిలో జేమ్స్ హార్డెన్ బ్రూక్లిన్‌కి వెళ్లిన నాలుగు జట్ల ట్రేడ్‌లో, ఇండియానా ఒలాడిపోని హ్యూస్టన్‌కి వదిలి, కారిస్ లవర్ట్‌ని తెచ్చుకుంది. హార్డెన్ గురించి ఆ వారం మీరు ఎంత మాట్లాడారో లెక్కలేదు. లవర్ట్ మీకు ఫిల్లర్, జీతాల లెక్క సరిపెట్టడానికి వేసిన రాయి. ట్రేడ్ ఖాయం కావాలంటే కొత్త జట్టు డాక్టర్లు ఆటగాణ్ణి పూర్తిగా పరీక్షించాలి. ఆ పరీక్షలో లవర్ట్ ఎడమ కిడ్నీపై చిన్న గడ్డ కనబడింది. క్యాన్సర్. అతనికి ఏ లక్షణాలూ లేవు, అప్పటిదాకా మామూలుగా ఆడుతూనే ఉన్నాడు. పేసర్స్ అతన్ని వెనక్కి పంపలేదు. ఆపరేషన్ అయింది, మార్చిలో మళ్లీ కోర్టులోకి వచ్చాడు. ఈ ట్రేడ్ లేకపోతే సంగతి ఇంకెప్పటికి బయటపడేదోనని తనే అన్నాడు. మరో ఏడాదికి పేసర్స్ అతన్ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చి తీసుకున్న పిక్‌లలో ఒకటి, రెండో రౌండ్ మొదటి పిక్, ఆండ్రూ నెంబార్డ్ అయింది. 2025 ఫైనల్స్‌లో షే మీద కాపలా కాసింది అతనే. ఫిల్లర్ అన్నారు కదా మాస్టారూ, రాసుకోండి.

ఫిల్లర్ అన్న మాట మీ నోట వినబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. లీగ్ జీతాల నిబంధన ప్రకారం జీతాల పరిమితి దాటిన జట్టు ఎంత జీతం పంపితే ఇంచుమించు అంతే తెచ్చుకోవాలి. 2023 ఒప్పందం తర్వాత ఎక్కువ ఖర్చు చేసే జట్లకి ఆ పట్టు మరీ బిగిసింది, రెండు చిన్న జీతాలు కలిపి ఒక పెద్ద జీతం తెచ్చుకోవడానికి కూడా కొన్ని జట్లకి వీల్లేదు. అందుకే ప్రతి ట్రేడ్‌లోనూ పెద్ద పేరు వెనక రెండు మూడు చిన్న పేర్లు నడిచొస్తాయి. డాన్చిచ్‌తో పాటు మాక్సీ క్లీబర్ కూడా లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. డాలస్‌లోనే ఏడేళ్లుగా ఉన్నవాడు, పాదం విరిగి కట్టుతో ఉన్నవాడు. అతని పేరుని ఆ ఆదివారం ఎవరు పలికారు?

పలికిన పేరుకి మాత్రం ఏం ఒరిగింది? డాన్చిచ్ ఆ వేసవి దాకా డాలస్‌లోనే ఉండి ఉంటే ఐదేళ్లకి దాదాపు 345 మిలియన్ డాలర్ల కాంట్రాక్టుకి అర్హుడయ్యేవాడు. ట్రేడ్‌తో ఆ అర్హత పోయింది. ఆగస్టులో లేకర్స్‌తో మూడేళ్లకి 165 మిలియన్లకి సంతకం పెట్టాడు. మనకి రెండూ గాలిలో అంకెలే, అతని మీద జాలిపడమని అనను. ఏప్రిల్ 9న అతను ప్రత్యర్థిగా డాలస్ వచ్చాడు. మ్యాచ్‌కి ముందు పాత జ్ఞాపకాల వీడియో వేస్తే బెంచీ మీద టవల్‌తో కళ్లు తుడుచుకున్నాడు, తర్వాత లేచి వెళ్లి 45 పాయింట్లు వేశాడు. హాలంతా హారిసన్‌ని తీసేయాలని అరిచింది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లోని తెలుగు ఇళ్లలో పిల్లల అల్మారాల్లో 77 నంబరు జెర్సీలు ఎన్ని ఉన్నాయో నేను ఎంచలేదు గానీ, ఆ వారం తల్లిదండ్రులని పిల్లలు అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: వాళ్లు ఎందుకు పంపించేశారు? ఆ ప్రశ్నకి ఏ ప్లస్, ఎఫ్ జవాబు కావు.

హాలిబర్టన్ సంగతీ అంతే. శాక్రమెంటోని తన ఊరే అనుకున్నవాడు, తనని పంపేస్తున్నారంటే మనసు విరిగినవాడు. 2025 ఏప్రిల్‌లో తోటి ఆటగాళ్లే ఒక పత్రిక సర్వేలో లేని గొప్ప అంటగట్టిన ఆటగాళ్లలో లీగ్‌లోనే మొదటివాడు ఇతనేనని ఓటేశారు. రెండు నెలలకి ఫైనల్స్‌లో ఉన్నాడు. ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్లో మడమ పైనరం తెగి పడిపోయాడు. ఆ రాత్రి అతనికీ, అతన్ని తెచ్చినవాళ్లకీ మీరేం వేశారో నేను చూడలేదు. చూడాలనిపించలేదు.

కాబట్టి నా విన్నపం ఇది. బేరం చేసినవాణ్ణి ఆ రాత్రే నిలదీయండి, కావాలంటే నేనూ మీ పక్కన నిలబడతాను. ఎంత ఇచ్చారు, ఎంతమందిని అడిగారు, వయసెంత, కాంట్రాక్టు ఎన్నేళ్లు, ఆ స్థానంలో ఆడేవాళ్లు ఇప్పటికే ఉన్నారా, ఇవన్నీ పెట్టెలో పెట్టి దాచిన రహస్యాలు కావు. ఒక్కో జవాబుకీ మార్కు వేసి, కింద సంతకం పెట్టి, తర్వాత లాటరీ తగిలినా కాలు విరిగినా దాన్ని దిద్దకండి. వచ్చిన కుర్రాడికి మాత్రం కనీసం ఒక సీజన్ ఇవ్వండి. కొత్త కోచ్, కొత్త పాఠాలు, కొత్త ఊరు. అద్దె ఇల్లు కూడా దొరికి ఉండదు.

మరొకటి. ఆ ట్రేడ్‌లో డాలస్‌కి చేరిన 2029 పిక్‌కి కూడా మీరు అప్పుడే మార్కు వేశారట, లేకర్స్ అప్పటికి బలంగానే ఉంటుంది కనుక పనికిమాలినదని. ఆ పిక్‌తో రావాల్సిన కుర్రాడు ఆ ఆదివారం బహుశా ఎక్కడో తొమ్మిదో తరగతి లెక్కలతో తంటాలు పడుతూ ఉండి ఉంటాడు. వాడి పేపర్లు దిద్దడానికి బళ్లో వేరే మాస్టారు ఉన్నారు.

ఇట్లు,
మీ పక్క టేబుల్